బోర్డు మీద లోమాక్స్ పేరు

కుక్క మాత్రల ధర మళ్ళీ పెరిగిన రోజున కూడా ఏవ్రిల్ ఓర్మరాడ్ కౌంటర్ దగ్గర సారీయే చెప్పింది. పర్సులో నోట్లు చాలక చిల్లర ఏరుకుంటున్నందుకు సారీ. అందువల్ల వెనకవాళ్ళకి ఆలస్యమవుతున్నందుకు ఇంకో సారీ. సీసా అదే, మాత్రలు అవే, ధర ఒక్కటే వేరు. ఎందుకు పెరిగిందని ఆవిడ అడగలేదు, కౌంటర్ వెనక అమ్మాయి చెప్పలేదు. డబ్బు కట్టి, థాంక్యూ చెప్పి, సీసా కోటు జేబులో వేసుకుని, కుక్కను నడిపించుకుంటూ వానలో ఇంటికి వచ్చేసింది.

జేబు కొట్టినవాడికి జేబు పోగొట్టుకున్న మనిషి క్షమాపణ చెప్పుకోవడాన్ని మా లాంకషైర్‌లో మర్యాద అంటారు. ఆ మర్యాదని పెట్టుబడిగా పెట్టుకుని సంపాదిస్తున్నవాళ్ళు ఉన్నారని తెలిశాక ఆ మాట వాడడం మానేశాను.

ఏవ్రిల్ మా థార్న్‌డెన్‌లోనే పుట్టింది. బడి అయిపోగానే ఏటి పక్కనున్న చెప్పుల ఫ్యాక్టరీలో చేరింది. ఇంట్లో తొడుక్కునే మెత్తటి ఫెల్టు చెప్పులకు అంచులు కుట్టడం ఆవిడ పని. ఫ్యాక్టరీ మూతపడ్డాక పసుప్పచ్చ కోటు తొడుక్కుని, కొసన గుండ్రటి బోర్డున్న కర్ర పట్టుకుని, బడి ముందు పిల్లల్ని రోడ్డు దాటించే ఉద్యోగం చేసింది. అందుకే ఊళ్ళో సగంమందికి ఆవిడ ఆంటీ ఏవ్రిల్. భర్త కెనెత్ బస్సుల షెడ్డులో మెకానిక్. ఊపిరితిత్తులు పాడై మంచం పట్టిన ఏడాది, ఇంట్లో కాస్త సందడి ఉంటుందని ఒక టెర్రియర్ కుక్కపిల్లను తెచ్చుకున్నాడు. అల్లం, నల్లబెల్లం పాకం వేసి మేము చేసుకునే పార్కిన్ కేకు ఉంటుందే, సరిగ్గా ఆ రంగు. అందుకని దానికి పార్కిన్ అని పేరు పెట్టాడు. కెనెత్ పోయాడు, పార్కిన్ మిగిలింది. నాలుగో ఏట దానికి మూర్ఛ మొదలైంది. పూటకొక మాత్ర, బతికున్నంత కాలం. మాత్ర వేస్తే మామూలు కుక్కే. పోస్ట్‌మన్ మీద అరుస్తుంది, సోఫా మీద వెల్లకిలా పడుకుంటుంది. మానేస్తే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. ఏవ్రిల్ బతుకంతా ఆ చిన్న తెల్లటి మాత్ర చుట్టూ తిరిగేది.

కుక్కకి బీమా లేదా అంటారేమో. ఉండేది. మూర్ఛ అని తెలిశాక కంపెనీవాళ్ళు ప్రీమియం ఎంత పెంచారంటే, పెంచామని చెప్పడం కన్నా మానుకొమ్మని చెప్పడం మేలు. మానుకుంది.

ఇక డాక్టరు సంగతి. ఊళ్ళో పశువైద్యశాల ఒక్కటే. ఆకుపచ్చ బోర్డు మీద బంగారు అక్షరాలతో లోమాక్స్ అని ఉంటుంది. మిస్టర్ లోమాక్స్ అంటే మా ఊరికి డాక్టరు మాత్రమే కాదు, ఇంటి మనిషి. ఏవ్రిల్ చిన్నప్పుడు వాళ్ళ నాన్న వేటకుక్క ముళ్ళకంచెలో కాలు చీరుకుంటే, అప్పుడే చదువు ముగించుకొచ్చిన లోమాక్స్ పేడ అంటిన బూట్లతో వచ్చి, వాళ్ళ వంటింటి బల్ల మీదే కుట్లు వేశాడు. ఫీజు కింద ఫ్యాక్టరీ చెప్పులు ఒక జత చాలన్నాడు. ఇలాంటి కథ మా ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఒకటి ఉంది. మనిషి మంచివాడే, అందులో అబద్ధం లేదు. ఆ మంచితనాన్నే తర్వాత వేలం వేశారు.

కొన్నేళ్ళ కిందట వైద్యశాలకి కొత్త రంగులు వేశారు. కొత్త కుర్చీలు, గోడకి టీవీ, కౌంటర్ మీద అందమైన డబ్బాల్లో కుక్క బిస్కెట్లు. బోర్డు మీద పేరు మాత్రం అదే. అక్షరాలు పాతవాటిలాగే కనిపించేలా రాయించారు. ముసలాయన వయసైపోయి లోపల గదిలో కూచుంటున్నాడు కాబోలు, కుర్ర డాక్టర్లు పని చూస్తున్నారు కాబోలు అనుకున్నాం. ఎవరం అడగలేదు. ధరలు పెరిగాయి. కాలం అలా ఉంది మరి అనుకున్నాం.

ఆ హాల్లో, టీవీ కింద, ఒక చిన్న కాగితం అంటించి ఉంది. కావాలంటే మందుల చీటీ రాసిస్తాం, మందులు బయట కొనుక్కోవచ్చు అని దాని సారాంశం. చట్టప్రకారం పెట్టాలి కాబట్టి పెట్టిన కాగితం, చదవడానికి భూతద్దం కావాలి. ఏవ్రిల్ చదివింది. నేను కూడా చదివాను. ఒకసారి ఆవిడతో అన్నాను, బయట చవగ్గా దొరుకుతాయేమో చూడరాదా అని. ఆవిడ నేనేదో బూతుమాట అన్నట్టు చూసింది.

“కెఫేకి పోయి, వాళ్ళ బల్ల దగ్గర కూచుని, మన సంచిలోంచి శాండ్‌విచ్ తీసి తింటామా ఎక్కడైనా? ఇదీ అంతే. మిస్టర్ లోమాక్స్ ఏమనుకుంటాడు?”

ఈ ఒక్క మాట చాలు మేమెలాంటి వాళ్ళమో చెప్పడానికి. మోసపోయినా సరే, అవతలివాడి మనసు నొప్పించకూడదు.

ఆవిడ చేసింది ఏమిటంటే, ముందు ఇంట్లో హీటరు కట్టేసి కోటు వేసుకుని టీవీ చూడడం మొదలుపెట్టింది. తర్వాత శుక్రవారం చేపలూ చిప్సూ కొనడం మానేసింది. మాత్రల సీసా ఇంకోసారి పెరిగాక, రొట్టెలు కోసే పలక మీద పెట్టి, సాయంత్రం మాత్రని కత్తితో రెండు ముక్కలు చేసింది. సగం ఈ రోజు, సగం రేపు. ఎవరికీ చెప్పలేదు. డాక్టరుకి చెబితే, చేతకానప్పుడు కుక్కని ఎందుకు పెంచుతున్నావంటాడని భయం. అలా ఎవరూ అనేవారు కాదేమో. కానీ ధర చెప్పేటప్పుడు, ఇది మీకు కష్టమవుతుందా అని అడిగే నాథుడు ఆ భవనంలో లేడు. డబ్బాల్లో బిస్కెట్లు సర్దడానికి మాత్రం మనుషులు ఉన్నారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం మా బౌల్స్ క్లబ్బులో పక్క ఊరితో పోటీ. పచ్చిక మీద బంతులు దొర్లుతున్నాయి, పెద్దవాళ్ళు బెంచీల మీద టీ తాగుతున్నారు. పార్కిన్ ఏవ్రిల్ కాళ్ళ దగ్గర పడుకుని ఉంది. ఉన్నట్టుండి పక్కకి ఒరిగింది. కాళ్ళు కొట్టుకోవడం మొదలైంది, నోటి నుంచి నురగ, కళ్ళు తేలేసింది. మామూలుగా వచ్చే మూర్ఛ టీ చల్లారేలోపే తగ్గుతుంది. ఇది తగ్గలేదు. ఏవ్రిల్ నేల మీద కూచుని, దాని తల కింద తన కార్డిగాన్ స్వెట్టర్ పెట్టి, ఇంక చాలు రా, ఇంక చాలు అంటోంది. లోమాక్స్ వైద్యశాలకి ఫోన్ చేస్తే రికార్డు చేసిన గొంతు పలికింది. ఆదివారాలు మేముండం, మోటర్‌వే పక్కనున్న మా ఆసుపత్రికి తీసుకెళ్ళండి అని. కారులో తీసుకెళ్ళాను. దారంతా పార్కిన్ ఆవిడ ఒళ్ళో కొట్టుకుంటూనే ఉంది.

ఆసుపత్రి హోటల్లా ఉంది. కుక్కని లోపలికి పట్టుకుపోయారు. నీలం చొక్కా అమ్మాయి చేతిలో టాబ్లెట్ కంప్యూటర్ పట్టుకుని వచ్చి, పక్కన మోకాళ్ళ మీద కూచుంది. అలా కూచోవాలని వాళ్ళకి శిక్షణ ఇస్తారట. స్కాను, రక్తపరీక్ష, రాత్రంతా పర్యవేక్షణ అంటూ మెత్తగా చదువుకుపోయింది. చివర్లో అంకె చెప్పి, ముందు సగం కడితే మొదలుపెడతాం అంది. ఏవ్రిల్ ఆ అంకె వినలేదు. వినిపించలేదు అనడం సరైనది.

“ఏం చేయాలో అది చేయండి తల్లీ,” అంది. “దాన్ని బతికించండి.”

సగం కట్టించుకుని, ఆ తెర మీద వేలితో సంతకం పెట్టించుకున్నారు. ఏడుస్తున్న మనిషి చేత పెట్టించుకున్న సంతకాన్ని ఒప్పందం అంటున్నారు. ఇంతకన్నా నీచమైన వ్యాపారం ఇంకేముంటుంది?

మర్నాడు పార్కిన్ బతికే ఉంది. బిల్లు ఐదువేల పౌండ్లు దాటింది, ఏవ్రిల్‌కి దాదాపు అర సంవత్సరం పెన్షన్. అందులో స్కాను ఖర్చే చాలా ఉంది. స్కానులో ఏమీ కనబడలేదు. రక్తపరీక్షలోనే తేలింది, ఒంట్లో మందు సరిపడా లేదని. ఆ ఫలితం వచ్చేదాకా ఆగి ఉంటే స్కాను అక్కర్లేదని మమ్మల్ని పంపిస్తూ అక్కడి చిన్న డాక్టరమ్మే తల దించుకుని అంది. ముందు స్కాను చేయాలన్నది పైవాళ్ళ పద్ధతట. పార్కిన్ నేల మీద పోసిన మూత్రం తుడిచినందుకు కూడా బిల్లులో ఒక వరస ఉంది. కప్పిన దుప్పటికి ఇంకో వరస. దుప్పటి ఇంటికి ఇవ్వలేదు.

ఏవ్రిల్ ఆ డబ్బు ఎక్కడినుంచి తెచ్చిందో చెప్పకుండా ఈ కథ చెప్పడంలో అర్థం లేదు. మా వాళ్ళకి ఒక పట్టుదల ఉంటుంది. తమ శవాన్ని తమ డబ్బుతోనే సాగనంపుకోవాలి. పేటిక, నల్ల కారు, ఆ తర్వాత వచ్చినవాళ్ళకి హామ్ శాండ్‌విచ్చులూ టీ. ఎవరి చేతుల్లోకీ చూడకూడదు. చెప్పుల ఫ్యాక్టరీ రోజుల నుంచి ఏవ్రిల్ అలా దాచుకుంటూ వచ్చింది. హీటరు కట్టేసినప్పుడు కూడా అందులోంచి పెన్నీ తీయలేదు. అది మొత్తం ఆ రెండు రోజుల్లో కార్డు మెషీన్‌లోకి పోయింది. ఆవిడ అప్పుడు కూడా ఆ అమ్మాయికి థాంక్యూ చెప్పింది.

వారం తిరక్కుండా ఇంటికి కార్డు వచ్చింది. పైన కుక్క పాదం ముద్ర, కింద ‘పార్కిన్ విషయంలో మమ్మల్ని నమ్మినందుకు కృతజ్ఞతలు’. మీ అనుభవానికి ఎన్ని నక్షత్రాలు ఇస్తారని ఒక ప్రశ్న కూడా. ఏవ్రిల్ ఐదు నక్షత్రాలు ఇచ్చింది. ఎందుకిచ్చావని అడిగితే, పాపం ఆ పిల్లలు రాత్రంతా మేలుకున్నారుగా అంది.

పార్కిన్ ఇప్పుడు ఎడమవైపుకి వాలి నడుస్తుంది. గుమ్మం కనబడక ఒక్కోసారి తలుపుకి కొట్టుకుంటుంది. సగం మాత్రలు ఇచ్చిన రోజుల ఫలితం అది. ఇక మీద ఒక్క పూట తప్పినా బతకదని డాక్టర్లు చెప్పేశారు. మాత్రలు పూర్తిగా కొనాలి, దాచుకున్న డబ్బు లేదు, పెన్షన్ చాలదు. బతికించుకున్న కుక్కని ఎలా నిలబెట్టుకోవాలన్నదే ఆవిడ ముందున్న ప్రశ్న.

ఆ తర్వాతి ఆదివారం క్లబ్బుకి మిస్టర్ లోమాక్స్ వచ్చాడు. నడుం వంగింది, చెవులు సరిగా వినబడవు. పక్కన వాళ్ళ ముసలి స్పానియల్ కుక్క. ఆయన క్లబ్బుకి రావడం బాగా అరుదు. ఏవ్రిల్ ఆయన్ని చూసి, టీ కప్పు చేత్తో పట్టుకుని వెళ్ళి ఎదురుగా నిలబడింది. ధరల గురించి అడుగుతుందేమో అనుకున్నాను. ఆవిడ క్షమాపణ చెప్పడానికి వెళ్ళింది. మాత్రలు తగ్గించి ఇచ్చిన తప్పు తనదేననీ, ఆయన వైద్యశాలకి చెడ్డపేరు తెచ్చాననీ చెప్పింది.

లోమాక్స్ అర్థం కానట్టు చూశాడు.

“నా వైద్యశాల ఎక్కడిది ఏవ్రిల్? అమ్మేసి ఎన్నేళ్ళయిందో.”

“బోర్డు మీద మీ పేరే ఉందిగా.”

“అదీ అమ్మానమ్మాయ్. భవనం కన్నా, మెషీన్ల కన్నా దానికే ఎక్కువిచ్చారు. పేరు తీయకూడదు, నేను అమ్మినట్టు ఊళ్ళో చాటింపు వేయకూడదు అన్నారు. సరే అన్నాను.”

 కొన్నది లండన్‌లో ఎక్కడో ఉన్న కంపెనీ. మోటర్‌వే పక్క ఆసుపత్రీ వాళ్ళదే. మా చుట్టుపక్కల అయిదారు ఊళ్ళలో వేరే వేరే పేర్లతో ఉన్న వైద్యశాలలూ వాళ్ళవే. చచ్చిన కుక్కల్ని కాల్చే దహనవాటిక కూడా వాళ్ళదేనని ఆయనే చెప్పాడు. అంటే పుట్టినప్పటి టీకా నుంచి బూడిద పొట్లం దాకా మన డబ్బు ఒకే జేబులోకి పోతుంది. బోర్డులు మాత్రం మన తాతల పేర్లతో.

“మరి మీ స్పానియల్‌ని ఎవరికి చూపిస్తున్నారు మిస్టర్ లోమాక్స్?” ఏవ్రిల్ అడిగింది.

ఆయన కుక్క చెవులు సవరించాడు. “కొండకి అవతల ఒకామె ఉంది. సొంతంగా నడుపుకుంటోంది. మంచి డాక్టరు.”

“కొండవతలా?” క్లబ్బు కార్యదర్శి హెడ్లీ అందుకున్నాడు. “యార్క్‌షైర్ పోతున్నావన్న మాట. మమ్మల్ని అమ్మేశావు, సర్లే. కుక్కకి కూడా శత్రువుల ఉప్పు తినిపించాలా?”

లాంకషైర్‌కీ యార్క్‌షైర్‌కీ తరాల వైరం, ఎవరో నవ్వబోయి మానుకున్నారు. లోమాక్స్ ముఖం ఎర్రబడింది. పిల్లలెవరూ ఈ పనిలోకి రాలేదనీ, మోకాళ్ళు పనికిరాకుండా పోయాయనీ, కొనడానికి ఇంకెవరూ ముందుకు రాలేదనీ చెప్పుకొచ్చాడు. అన్నీ నిజాలే. వయసైన మనిషి అమ్ముకోవడం తప్పు కాదు. కానీ ఊరు తన మీద పెట్టుకున్న నమ్మకం తన సొత్తు కాదని ఆయనకి తట్టకపోవడం చూస్తే ఏవగింపు కలిగింది. చీటీ రాయించుకుని బయట కొంటే అవే మాత్రలు మూడోవంతు ధరకి వస్తాయని కూడా ఆయనే చెప్పాడు. ఎంతో దయగా, గొంతు తగ్గించి.

ఏవ్రిల్ కప్పులో టీ గడ్డిలో పారబోసి, కప్పు బల్ల మీద పెట్టి, పార్కిన్‌ని ఎత్తుకుని వెళ్ళిపోయింది. టీ పారబోయడం మా వీధిలో ఎవరం అంతకుముందు చూడలేదు.

మంగళవారం ఏవ్రిల్‌తో నేనూ వెళ్ళాను, వైద్యశాల హాలు నిండుగా ఉంది. కుక్కలు, డబ్బాల్లో పిల్లులు, ఒక పిల్ల చేతిలో కుందేలు. మనుషులు మాత్రం ఒకరినొకరు చూడకుండా ఫోన్లలోకి చూస్తున్నారు. కౌంటర్ దగ్గర బెథనీ ఉంది. ఏవ్రిల్ రోడ్డు దాటించిన పిల్లే.

“ఎప్పటివేనా ఆంటీ?” అంటూ సీసా తీయడానికి లేచింది.

“సీసా వద్దు బెథనీ. చీటీ రాయించమ్మా. బయట కొనుక్కుంటాను.”

బెథనీ చెయ్యి ఆగిపోయింది. చీటీ రాసినందుకు కూడా ఫీజు ఉంటుందని నసిగింది. ఎంత అని ఏవ్రిల్ అడిగింది. ఒక మనిషి ఆ గదిలో ధర అడగడం నేను విన్నది అదే మొదటిసారి. ఫీజు చెప్పింది. అది కట్టినా బయటే చవక.

“సరే. ఇంకోటి కూడా చెప్పు తల్లీ. ఈ డబ్బు ఎవరికి పోతుంది?”

“అంటే... లోమాక్స్...”

“లోమాక్స్ ఆదివారం నాతోనే ఉన్నాడు. ఆయనకి పోవట్లేదట.”

ఆవిడ గొంతు పెంచలేదు. కానీ ఆ గదిలో ఎవరూ మాట్లాడరు కాబట్టి ప్రతి మాటా గోడ దాకా వినబడింది. బెథనీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “చెప్పకూడదని కాదు ఆంటీ, ఎవరూ అడగలేదు,” అంది. తర్వాత కంపెనీ పేరు చెప్పింది. ఆ పిల్ల జీతం ఎంతో మాకందరికీ తెలుసు. ఆమె మీద కోపం తెచ్చుకోవడానికి ఏమీ లేదు.

పిల్లి డబ్బా ఒళ్ళో పెట్టుకున్న పెద్దమనిషి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. “నాకూ ఒక చీటీ రాసిపెట్టు పాపా,” అన్నాడు. కుందేలు పిల్ల తల్లి, తనకి చెప్పిన ఆపరేషన్ ఖర్చు కాగితం మీద విడివిడిగా రాసివ్వమని అడిగింది. లోపలినుంచి మేనేజర్ వచ్చి, ఏదో అపార్థం జరిగినట్టుంది, పక్క గదిలో మాట్లాడుకుందాం రండి మిసెస్ ఓర్మరాడ్ అన్నాడు. వాళ్ళకి పక్క గదులంటే ఇష్టం. ఏవ్రిల్ ఇక్కడే బాగుంది అని కుర్చీలో కూచుంది, చీటీ చేతికొచ్చేదాకా లేవలేదు.

ఇప్పుడు పార్కిన్‌కి పూటకొక పూర్తి మాత్ర పడుతోంది. వాలుతూనే నడుస్తోంది, కానీ నడుస్తోంది. పోయిన డబ్బు వెనక్కి రాలేదు. ఫిర్యాదు రాస్తే, మీరు సంతకం పెట్టారు కదా అని జవాబొచ్చింది. ఒక మనిషి తన చావు కోసం దాచుకున్నది తినేసి, సంతకం చూపించి మూతి తుడుచుకున్నారు.

కాబట్టి మీ ఇంట్లో కుక్కో పిల్లో ఉంటే మీరు ఒక పని చేయండి. రేపు డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు, వైద్యం మొదలుపెట్టకముందే ధర అడగండి. చీటీ అడగండి. బోర్డు మీద పేరు చూసి ఊరుకోకుండా, డబ్బు ఎవరికి పోతోందో అడగండి. ఇంతవరకు మందులు తగ్గించి ఇస్తున్నవాళ్ళుంటే ఆ సంగతి దాచకుండా చెప్పండి, సిగ్గు పడాల్సింది మీరు కాదు. ఇవన్నీ పక్క గదిలోకి వెళ్ళి అడగొద్దు. కౌంటర్ దగ్గరే నిలబడి, వెనక కుర్చీల్లో కూచున్నవాళ్ళందరికీ వినబడేలా అడగండి.